నూటపన్నెండు

స్టాంపు పుట్టకముందు
ఉత్తరానికి వేరే కవరు ఉండేది కాదు.
రాసిన కాగితాన్నే మడిచి, మడతలో మడత దోపి,
లక్క కరిగించి ఒక బొట్టు పెట్టేవాళ్లు.
డబ్బు చాలాసార్లు అందుకున్నవాడే ఇచ్చుకోవాలి.

నరసాపురంలో, లేసు గోడౌను మేడ మీద
ఎగుమతి పద్దులు రాసుకునేవాడికి
ఇవన్నీ ఎందుకో
మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

యానాంలో పాత కాగితాలు తూకానికి కొనే లతీఫు
డెబ్బై ఆరులో ఓ నమూనాల కట్ట ఇచ్చాడు.
అల్లిక పువ్వుల మధ్య ఇది, విప్పకుండా.
ఐర్లాండుదని తెలుసుకోడానికే రెండేళ్లు పట్టింది.
వెనక నల్లటి ముద్ర: ఊరి పేరు, కింద ఒక అంకె.
డబ్లిన్ నుంచి ఆ ఊరు ఎన్ని మైళ్లో
ఉత్తరం ఒంటి మీదే కొట్టేవారట,
పశువుకి వాత పెట్టినట్టు.

ఆ తర్వాత యాభై మూడు పోగేశాను.
ఎర్ర సిరా అయితే డబ్బు ముందే కట్టినట్టు.
నల్ల సిరా అయితే బాకీ.
నెలాఖర్న నేను ఏ రంగులో ఉంటానో
కిరాణా కొట్టు వీర్రాజుని అడగండి, చెబుతాడు.

ఎనభై ఆరు ఆగస్టులో గోదారి వచ్చింది.
మెట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చింది.
పిల్లల్ని ముందు అటకెక్కించాను,
తర్వాత బియ్యం, తర్వాత ఆవిడ కుట్టుమిషను.
ట్రంకుపెట్టె గుర్తొచ్చేసరికి
గడియ చుట్టూ చేపపిల్లలు తిరుగుతున్నాయి.

ఒండ్రు వాసనతో తొమ్మిది మిగిలాయి.
నీడన ఆరేశాను,
అప్పడాల్లా, ఒక్కొక్కటీ తిరగేస్తూ.
మొదటి దాని మీద ఊరు కొట్టుకుపోయింది.
అంకె మిగిలింది.
నూటపన్నెండు.

అక్కడి మైలు మనమెరిగిన మైలు కన్నా పొడుగు,
వాళ్లవి పదకొండైతే మనవి పద్నాలుగు.
లెక్కగట్టాను. మా రేవులో బయల్దేరి
అంత దూరం నడిస్తే
ఇంచుమించు అనకాపల్లి బెల్లం బజారు.
అక్కడ నాకు తెలిసినవాళ్లెవరూ లేరు.

లక్క మాత్రం వరదకీ విడలేదు.
ఎవరో గుమ్మంలో నిలబడి,
ముందువైపు సిరాతో గీసిన తొమ్మిదిని చూసి,
నాలుగేమో, నాకింకా అనుమానమే,
వద్దన్నారు.
అలాంటివి తపాలా వాళ్లే విప్పి
రాసినవాళ్లకి తిప్పి పంపేవారట.
ఇదెలా తప్పించుకుందో.

కడలి మార్తమ్మ నెలకోసారి
లేసు అప్పజెప్పడానికి వస్తుంది.
బల్బుకి ఎదురు పట్టి చూపించాను.
కాగితం కలిసొస్తుందని
అడ్డంగా రాసి, అదే పేజీ తిప్పి నిలువుగా రాశారు.
కళ్లజోడు నుదుటి మీదకి తోసి చూసింది.
"ఇది రాత కాదండి బాబూ, అల్లిక.
ఇదిగో, ఇక్కడ చెయ్యి ఆగిందండి.
మళ్లీ ఎత్తుకుందిగానీ
బిగువు మారిపోయింది, చూడండి."

విప్పమంటుందనుకున్నాను.
"ఎంతివ్వాలంటండీ?" అంది.
తొమ్మిది పెన్నీలు, కాకపోతే నాలుగు, అన్నాను.
రొంటిన ముడి విప్పి
పది రూపాయల నోటు బల్ల మీద పరిచి
ఎగిరిపోకుండా దారపుండ పెట్టింది.
"పోన్లెండి. పుచ్చుకున్నట్టు రాసుకోండి."

ఆవిడ మెట్లు దిగిపోయింది.
కిటికీ అవతల సఖినేటిపల్లి పంటు
ఈ గట్టు వదులుతోంది, రెండు మోటారుసైకిళ్లూ ఓ మేకతో.
ఏ పద్దు కింద రాయాలో తెలియలేదు.
ఎర్ర సిరా సీసా వెతికి తీశాను.
అడుగున ఎండిపోయి ఉంది, లక్కలాగే.
మంచినీళ్ల చెంబులోంచి రెండు చుక్కలు పోశాను.
గోదారివే.